కోత పండుగకు మా నాయన తెచ్చిన జత

పోయినవాటిని ముందు లెక్క వేసుకుంటే మిగిలినవాటి గురించి నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు. మొన్న ఎండాకాలంలో మా అన్న చనిపోయాక, ఆయన పనిచేసిన మిషన్ బడిని ఒకసారి చూసి రావాలనిపించి కడప బస్సెక్కాను. ఆవరణలో అయిదు వేపచెట్లుండేవి, మూడు లేవు. నల్ల బండలు పరిచిన పొడుగాటి భోజనశాల లేదు. మోటబావిని పూడ్చేశారు. కంచు గంట ఉండే చోట కరెంటు గంట ఉంది. మేమున్న రెండు గదుల ఇంటి స్థలంలో సైకిళ్లు నిలబెడుతున్నారు. చెట్లతో కలిపి వస్తువులు ఏడు. అప్పటి పంతుళ్లు పదకొండు మందిలో పదిమంది పోయారు, మా అన్నతో మళ్లీ పదకొండు. ఇవి ఎవరికైనా జరిగే నష్టాలే, కాలం తీసుకుపోయినవి. నేనూ మా అన్నా చేతులారా పోగొట్టుకున్నది వేరే ఉంది. దాని సంగతి చెప్పాలంటే ముందు మా అన్న ఎటువంటి మనిషో చెప్పాలి.

ఆ బడికి ఆయన చాప్లిన్. అంటే పొద్దున ప్రార్థన నడపడం, వారానికి రెండుసార్లు నీతిపాఠం చెప్పడం, హాస్టలు పిల్లల మంచిచెడ్డలు చూడడం ఆయన పని. పిల్లలు అయ్యగారూ అనేవాళ్లు. పేరు దేవసహాయం. ఏడేళ్ల వయసులో ఒక దొరగారు కర్నూలు వైపు బోర్డింగుకు తీసుకుపోయి చదివించి ఆ పేరు పెట్టారు. అంతకు ముందు ఆయన మా ఇంట్లో ఓబులేసు, మా గేరి వీధిలో ఓబిగాడు. మాది వేంపల్లె అవతల ఒక పల్లె. మేము మాదిగలం. మా నాయన నడిపి సుంకన్న పచ్చితోలు నానబెట్టి ఊనేవాడు, చెప్పులు కుట్టేవాడు, రైతుల కపిల బావులకు నీళ్లు తోడే తోలు తొండాలు కుట్టి ఇచ్చేవాడు. దానికి ఆయనకు రూకలు ముట్టేవి కావు, కళ్లంలో ఏడాదికింతని గింజలు కొలిచేవాళ్లు. చెప్పులకు కూడా గింజలే. అందువల్ల మా నాయనకు ఒక వస్తువు వెల అంటే ఒక పని, ఒక పనికి వెల అంటే మరో పని. నోట్లు లెక్కపెట్టడం ఆయనకు రాలేదు. ఇరవై దాకా లెక్క వచ్చు. అది దాటితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు.

మా అమ్మ పోయిన ఏడాది అన్న వచ్చి నన్ను తన దగ్గరికి తీసుకుపోయాడు. నాకు అప్పుడు పదిహేడేళ్లు, ఆయనకు ముప్పై. నేను బడి మెట్టు ఎక్కలేదు. అన్న రాయడం చదవడం నేర్పాడు గానీ లెక్కలు నేర్పే ఓపిక ఆయనకు లేదు. హాస్టలు వంటింట్లో జొన్నలు కొలిచి ఇస్తూ, నూనె పోసి ఇస్తూ, నా అంతట నేనే కూడికలూ గుణకారాలూ పట్టుకున్నాను. ఆరు నెలలు తిరిగేసరికి హాస్టలు సామాను లెక్కంతా నా చేతికి వచ్చింది. లెక్క కంటే ముందు నాకు మాట నేర్పాల్సి వచ్చింది మా అన్నకు. "శానా కాదు, చాలా. ఈడ కాదు, ఇక్కడ" అని సంగటి ముద్ద ముందు కూర్చోబెట్టి దిద్దేవాడు. నేను ఊరిబిండి నాకుతూ, "చాలా కారంగా ఉండాది" అంటే నవ్వి, "సగం మనిషివయినావు" అనేవాడు.

మంచి మనిషి మా అన్న. ఆ మాట నేను లెక్క చూసుకునే రాస్తున్నాను. పిల్లలు ఏ కులం వాళ్లయినా ఒకే వరసలో కూర్చొని తినాలన్న నియమం ఆయన పెట్టిందే. పాయిఖానాలు కడిగే వంతులు వేస్తే మొదటి వంతు తనది. బెత్తం పట్టడు. ప్రసంగం ఎంతసేపు చెప్పాలని ఎవరో అడిగితే, వేడి సంగటి ఆరేంతసేపు అన్నాడు. ఈస్టరుకు ముందు గురువారం తువ్వాలు చుట్టుకొని హాస్టలు పిల్లల కాళ్లు కడిగేవాడు. పల్లేరుకాయలు గుచ్చుకున్న పగిలిన మడమలను రెండు చేతుల్లోకి తీసుకొని అంత మెల్లగా కడుగుతుంటే పిల్లలు కితకితలకు నవ్వేవాళ్లు. సాయంత్రాలు వాలీబాలుకు నిలబడేవాడు. రాత్రి భోజనానికి ముందు ఒక గంట ఆయనకు ఇష్టమైన పని ఇంకొకటి ఉండేది: చిరిగిన పుస్తకాలు కుట్టడం.

బడిలో ఉన్న బైబిళ్లు, పాటల పుస్తకాలు, అట్లాసులు అన్నీ ఆయన చేతి మీద కొత్త అట్టలు వేసుకున్నవే. మైదా బంకలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి కాచేవాడు. ఇల్లంతా ఆ పుల్లటి వాసన. దారానికి మైనం రాసి, మోకాళ్ల మధ్య పుస్తకం బిగించి, ఆరెతో బొక్క పొడిచి, రెండు చేతులూ రెండు వైపులకు చాచి దారం లాగేవాడు. నాకు చూడగానే తెలిసిపోయేది. ఆ మోకాళ్ల బిగింపు, ఆ చేతులు చాచడం మా నాయనవి. ఏడేళ్ల లోపల నేర్చింది చేతులు మరచిపోలేదు. హెడ్మాస్టరు గారు ముచ్చటపడి, "ఈ విద్య ఎక్కడ నేర్చారండీ?" అంటే, "చిన్నప్పుడు పట్టుబడింది" అనేవాడు. దొరగారు నేర్పి ఉంటారని వాళ్లే అనుకునేవాళ్లు. ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నేను చాలాసార్లు వెనక్కి వెళ్లి వెతికాను, ఒక్క అబద్ధమూ దొరకలేదు. హాస్టలులో కొడుకును చేర్చిన గంగిరెడ్డి అనే పెద్ద రైతు మొదటిరోజే, "మీదీ వేంపల్లె తట్టేనంట గదా అయ్యగారూ, కాపులేనా?" అని అడిగాడు. మా అన్న నవ్వాడు. అంతే. ఆ నవ్వుతో నాలుగేళ్లు గడిచిపోయాయి. నేను వెళ్లాక ఆ నవ్వు నాదీ అయింది.

నాయనను కాదనుకున్నామని అప్పట్లో మాకు అనిపించలేదు. నెలనెలా అన్న మనియార్డరు పంపేవాడు, ఏడాదికొకసారి పోయి చూసేవాడు. ఆయనను మా దగ్గరికి రమ్మని మాత్రం మేమిద్దరం ఎప్పుడూ అనలేదు. రావద్దనీ అనలేదు.

ఆ ఏడాది కోత పండుగ నాడు ఆయనే వచ్చాడు. కోత పండుగంటే, కోతలయ్యాక ఎవరి పంటలో కొంత వాళ్లు గుడికి తెచ్చి దేవుని బల్ల ముందు పెట్టడం. ఆరాధన కాగానే ఆవరణలో వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు హాస్టలుకు. మా బడి పండుగకు హిందువుల ఇళ్ల నుంచీ సామాను వచ్చేది, వాళ్లూ వచ్చి పాడేవాళ్లు. పంతం కొద్దీ గుమ్మడికాయను పది రూపాయలకు పాడినవాళ్లున్నారు. వేలం వేసేది చాప్లిన్. ఆ నెలాఖరుకు మా అన్న ఉద్యోగం ఖాయం చేయాల్సి ఉంది. పండుగ బాగా జరిపించాలని ఆయన వారం నుంచీ తిరుగుతున్నాడు.

ఆదివారం పొద్దున నేను వంటింటి గడప దగ్గర బంతిపూలు గుచ్చుతుంటే మొదట వాసన వచ్చింది. తంగేడు చెక్క నానిన నీళ్ల వాసన, తోలు ఊనే వాసన. తల ఎత్తేసరికి నాయన. భుజాన కంబళి, చంకలో గుడ్డమూట. ఉత్త కాళ్లు. ఆయన కుట్టిన చెప్పులు వేసుకొని చుట్టుపక్కల పల్లెల రైతులంతా తిరిగేవాళ్లు. ఆయన వేసుకోగా నేను చూడలేదు. రెడ్ల వీధిలో మావాళ్లు చెప్పులతో నడిచే కాలం కాదది.

"యాడ పెట్టాల పాపా ఇది?" అని మూట విప్పాడు. కొత్త కిర్రు చెప్పుల జత. ఎర్రగా, నూనె పెట్టి మెరుస్తున్నాయి. పట్టీల మీద పువ్వుల కుట్టు.

"ఎవురికి నాయనా?"

"దేవునికి. కోత పండగంట గదా, బస్సులో చెప్పుకుంటాండ్రి. నాకు సేనా పాడా? నా పంట ఇదే."

అన్న మాట విని లోపలినుంచి వచ్చాడు. నాయనను చూడగానే ఆయన నోట ఏళ్ల కిందటి మాట బయటికి వచ్చింది. "వచ్చినావా నాయనా, ఎంతసేపాయ?" అని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి, తనే సంగటి పెట్టాడు. నాయన తింటున్నంతసేపు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తినడమయ్యాక, "నువ్వు వెనక వరసలో కూచో నాయనా. పండగ అయిపోనీ, అందరికీ నిన్ను నేనే చూపిస్తా" అన్నాడు. నిజంగానే చూపిద్దామనుకున్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. "ఈన మా నాయన" అన్న మూడు మాటలు ఆ రోజు ఆయన నోట వస్తాయా రావా అని, వేలం బల్ల పక్కన లెక్క రాయడానికి కూర్చున్న నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

వేలం బాగా సాగింది. గంగిరెడ్డి ఒక పొట్టేలును నలభై ఒక్క రూపాయికి పాడి మీసం దువ్వుకున్నాడు. శెనక్కాయలు, కోళ్లు, ఒక బుట్ట నిమ్మకాయలు అయిపోయాయి. చివరికి చెప్పులు మిగిలాయి. అన్న వాటిని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. "కిర్రు చెప్పులు, కొత్త జత. రెండు రూపాయలతో మొదలు."

ఎవరూ పలకలేదు. బల్ల మీదకు చెప్పులు రావడం చాలామందికి నచ్చలేదు. వెనక ఎవరో, "దేవుని కాడికి చెప్పులేందప్పా, ఇడిచి రావల్ల గానీ!" అన్నారు. నవ్వులు.

"తెచ్చిందెవురు అయ్యగారూ?" అన్నాడు గంగిరెడ్డి కాలు మీద కాలు వేసుకొని.

అదీ సమయం. అన్న నోరు తెరిచాడు. నేను పెన్సిలు పట్టుకొని ఆయన పెదవులే చూస్తున్నాను. "ఒక పల్లెటూరాయన" అన్నాడు. అని వెంటనే, "రూపాయిన్నర" అన్నాడు. "రూపాయి." వరసలు కదల్లేదు. "ఎనిమిదణాలు, ఎవరైనా?" చెమట ఆయన మెడ వెంట కారుతోంది. "నాలుగణాలు."

"నేను పాడతా అయ్యా." వెనక వరసలో నాయన లేచి నిలబడ్డాడు. కంబళి భుజం మీద సర్దుకొని, పెద్దగా, "ఇరవై జతలు" అన్నాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆవరణంతా గొల్లుమంది. "ఒగ జతకు ఇరవై జతలేందప్పా! ఇదేం బ్యారం!" అని ఎవరో అరిచారు. నాయన నవ్వులకు బెదరలేదు. ముందు వరసల్లో నేల మీద కూర్చున్న హాస్టలు పిల్లలను చూపించి, "ఈ పిల్లోళ్ల కాళ్లకు. నా కాడ దుడ్లు లేవు, కుట్టి ఇస్తా" అన్నాడు. అందరికీ అది తెలివితక్కువ పాటలా వినిపించింది. నాకూ మా అన్నకూ మాత్రమే తెలుసు, ఆయనకు వచ్చిన లెక్కలో అన్నిటికంటే పెద్ద అంకె ఇరవై అని.

హెడ్మాస్టరు గారు వంగి నన్ను అడిగారు, "దీన్ని రూపాయల్లో ఎంతని కట్టాలమ్మా?" నేను ఆలోచించకుండానే, "జత మూడు రూపాయలండీ, అరవై" అనేశాను. నవ్వులు సన్నగా ఆగిపోయాయి. పొట్టేలు కంటే పంతొమ్మిది రూపాయలు ఎక్కువ. "నీకెట్లా తెలుసమ్మా చెప్పుల ధర?" అన్నారాయన మెచ్చుకుంటున్నట్టు. "సంతలో విన్నానండీ" అన్నాను. నాయన నన్నే చూస్తున్నాడు.

అన్న ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు. పాట కొట్టేశాక పాడినవాళ్ల పేరు అడిగి అందరికీ వినపడేటట్టు చెప్పడం ఆచారం. ఆయన అప్పటికి ప్రతి పాటకూ అడిగాడు. నోరు అలవాటు కొద్దీ ముందుకు పోయిందో, ఆగే ధైర్యం లేకపోయిందో. "పేరేం రాయాలి పెద్దాయనా?" అని కన్నతండ్రిని అడిగాడు.

నాయన చేతులు కట్టుకున్నాడు. "సుంకన్న అని రాయండి సామీ" అన్నాడు.

నేను రాశాను. గుండ్రంగా రాశాను.

నాయన బల్ల దాకా వచ్చి చెప్పులు తీసుకున్నాడు. చంకలో పెట్టుకుంటాడనుకున్నాను. అక్కడే నేల మీద పెట్టి కాళ్లలో వేసుకొని, అందరి మధ్య నుంచి గేటు వైపు నడిచాడు. కొత్త చెప్పులు అడుగడుక్కూ కిర్రు కిర్రుమంటున్నాయి. నేను పెన్సిలు పడేసి వెంట పరుగెత్తాను. బస్సు వచ్చే రోడ్డు మీద అందుకున్నాను.

"ఇరవై జతలు యాడ తెస్తావు నాయనా? ఎందుకు పాడినావు?"

"వాడు దిగతాంటే సూడలేకపోయినా పాపా. నాలుగణాల కాడికి వచ్చినాడు. ఇంగ రోంతసేపుంటే ఊరికే తీసుకోండి అంటాడు. మా ఓబిగాని నోట ఆ మాట రాగూడదు."

నాకు ఏడుపు వచ్చింది. "పేరు అడిగినాడు గదా నాయనా."

"అడగల్ల మల్ల! లెక్క రాసేటోళ్లు పేరు అడగరా?" అని నా తల మీద చెయ్యి వేశాడు. "మంచి పని దొరికింది వానికి. శానా మంది పెద్దోళ్లుండారు. నువ్వు పో, ఎండ తగులుతాది."

ఆ రోజు తర్వాత ఇంట్లో మైదా బంక కాగలేదు. అన్న ఆరె ముట్టుకోలేదు. ప్రార్థనలు నడిపాడు, వాలీబాలుకు నిలబడ్డాడు, ఉద్యోగం ఖాయమయింది. సంగటి ముందు కూర్చుంటే నా వైపు ఆయన, ఆయన వైపు నేను చూసుకునేవాళ్లం కాదు. ఊరికి పోదామని ఎన్నోసార్లు బయలుదేరి, ఏం చెప్పాలో తెలియక ఎన్నోసార్లు ఆగిపోయాం. నాయన మాత్రం మాట తప్పలేదు. క్రిస్మసుకు ముందు శెనక్కాయల లారీలో ఆరు జతలు వచ్చాయి. శివరాత్రి దాటాక అయిదు. ఎండాకాలంలో మూడు, వాటితోపాటు ఒక మాట: "కండ్లు ఆనడం లేదు, ఈ తూరికి ఇంతే అని చెప్పు." అన్న వాటిని పిల్లల కాళ్లకు కొలిచి తొడిగేవాడు. ఎవరిచ్చారని పిల్లలు అడిగితే, "సుంకన్న గారు" అనేవాడు. అంతవరకే వచ్చేది.

వానలు పడే ముందు నాయన పోయాడని కబురు వచ్చింది. మేము వెళ్లేసరికి గేరివాళ్లు మా కోసమే చూస్తున్నారు. ఇంట్లో కుట్టుకునే చోట ఒక జతకు అడుగులు కోసిపెట్టి ఉన్నాయి. కుట్టనిది జత కిందికి రాదు, అందుకని దాన్ని నేను కలపలేదు.

తిరిగి వచ్చిన మరునాడు పొద్దున ప్రార్థనలో మా అన్న ప్రసంగం చెప్పలేదు. పిల్లలూ పంతుళ్లూ అందరి ఎదుటా, "ఈ చెప్పులు కుట్టింది మా నాయన. మేము మాదిగలం. కోత పండుగ నాడు నేను పేరడిగింది మా నాయననే" అని చెప్పి కూర్చున్నాడు. ఆకాశం విరిగి మీద పడుతుందని నాలుగేళ్లు భయపడ్డాం. పిల్లలు తమ కాళ్ల వైపు చూసుకున్నారు. హెడ్మాస్టరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. వారం లోపల ఇద్దరు తండ్రులు వచ్చి ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయారు. అరవై రెండు మందిలో ఇద్దరు. పై ఏడాది ఆ ఇద్దరిలో ఒకడు తిరిగి వచ్చాడు. అంటే మా భయం వెల ఒక్క పిల్లవాడు.

గంగిరెడ్డి తన కొడుకును తీసుకుపోలేదు. ఒకరోజు మా ఇంటి ముందు నిలబడి, చుట్ట నోట్లోంచి తీసి, "నాకు ఎప్పుడో తెలుసులే అయ్యగారూ. మీ నాయన మా మామ బావికి తొండాలు కుట్టినోడే. ఆ పొద్దు వెనక వరసలో కూచునుంటే సూడంగానే పోల్చుకున్నా" అన్నాడు.

"మరి తెచ్చిందెవరని నన్ను అడిగినారే?" అన్నాడు అన్న.

"నువ్వేమంటావో సూద్దామని అడిగినా" అన్నాడు గంగిరెడ్డి. చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకోబోతూ, "నేనూ పాడలేదు లే. పాడుంటే పోతాండె" అని వెళ్లిపోయాడు. సిగ్గుపడాల్సింది మేమిద్దరమే కాదని ఆ మాటతో తెలిసింది. పంచుకోవడానికి మనిషి దొరికినంత మాత్రాన మా వంతు తగ్గలేదు.

అన్న ఆ తర్వాత మరో రెండు బళ్లలో పనిచేశాడు. వెళ్లిన ప్రతిచోటా మొదటిరోజే ఇంటి సంగతి, కులం సంగతి, నాయన పేరు చెప్పేవాడు. అడగకపోయినా చెప్పేవాడు. కొందరికి అది అతిగా కూడా తోచేది. ఇప్పుడు హాస్టళ్లలో ఉత్త కాళ్ల పిల్లలు కనిపించరు. రబ్బరువో గుడ్డవో అందరికీ ఉన్నాయి. తోలు ఊనే వాసన మా గేరిలోనే లేదు. అప్పటి మనిషి రోజంతా కూర్చొని కుట్టిన జత కంటే ఇప్పటి ప్లాస్టిక్ జత చవక. నా లెక్కల్లో మొండిబాకీ ఉంటే నిద్రపట్టదు. అందుకని, ఆయన పెన్షను తీసుకున్న కొత్తలో ఒకసారి అన్నాను: "నాయన ఇస్తానన్న వాటిల్లో మిగిలినవి కొని ఆ బడికి పంపించేద్దాం అన్నా. నూరో నూట యాభయ్యో అవుతుంది, నేను పెట్టుకుంటా."

మా అన్న తల అడ్డంగా ఊపాడు. "కొన్నవి ఆ లెక్కలోకి రావు రత్నమ్మా. ఆయన కుట్టి ఇస్తానన్నాడు" అన్నాడు.

ఆయన చెప్పింది సరైన లెక్కే. ఇరవైలో పద్నాలుగు ముట్టాయి. ఇంకా ఆరు జతలు.